ఎవరి పుస్తకంలో జమ?

పోయిన నెలలో ఓ రాత్రి పది దాటాక మా మరదలు ఫోన్ చేసింది. ఆ వేళప్పుడు ఫోన్ మోగేసరికి నా గుండె జారింది. మా తమ్ముడికి మోకాలి ఆపరేషన్ అయి అప్పటికి నలభై రోజులు.

"ఆయనకేం కాలేదు వదినా. బాగానే ఉన్నారు. నావల్లే ఏదో పెద్ద తప్పు జరిగినట్టుంది. మేస్త్రీ గారు ఇక మన కొట్టు మెట్లెక్కనని వెళ్లిపోయారు" అంది. గొంతులో ఏడుపు వినిపిస్తూనే ఉంది.

తెనాలిలో మా తమ్ముడిది రంగులు, ఇనుప సామాన్ల కొట్టు. మా నాన్నగారి నాటిది. ఆ మేస్త్రీ గారు ఇరవై ఏళ్లకు పైగా మా ఖాతాదారు. ఇల్లు కట్టించుకునేవాళ్లు డబ్బిచ్చేదాకా సరుకు అరువు మీద తీసుకెళ్తారు, చేతిలో పడగానే తెచ్చి కట్టేస్తారు. ఒక్కసారి కూడా ఎగ్గొట్టిన మనిషి కాదు. అలాంటాయనకు మా మరదలు ఆ సాయంత్రం వాట్సాప్‌లో 'మీ బాకీ 73,200 రూపాయలు' అని పంపింది. ఆయన గంటలో కొట్టుకొచ్చారు.

"నేనివ్వాల్సింది 13,200 అమ్మా. ముప్పై వేలు ఫోన్లో వేశాను కదా" అన్నారట.

"కంప్యూటర్ ఇలా చూపిస్తోందండీ" అని ఈవిడ తెర ఆయన వైపు తిప్పింది.

"అయితే నేను అబద్ధమాడుతున్నానా?" అనేసి ఆయన మెట్లు దిగిపోయారు. తమ్ముడు మంచం మీద నుంచి ఫోన్ చేస్తే ఎత్తలేదు.

ముప్పై ఏళ్లు జూనియర్ కాలేజీలో కామర్స్ చెప్పినదాన్ని. లెక్కలో తేడా అంటే నా చెయ్యి ముందు కాగితం మీదకే వెళ్తుంది. కంప్యూటర్ అంటున్నది 73,200. ఆయన అంటున్నది 13,200. తేడా అరవై వేలు.

"తేడాలో సగం ముప్పై వేలు. ఈమధ్య బ్యాంకులో సరిగ్గా ముప్పై వేలు ఎప్పుడైనా పడ్డాయేమో చూడు" అన్నాను.

రెండు నిమిషాలు కాగితాల చప్పుడు. "పడ్డాయి వదినా. పన్నెండో తారీకున. పక్కన మేస్త్రీ గారి పేరే ఉంది."

"మరి టాలీలో ఎక్కించావా?"

"ఎక్కించాను. బ్యాంకు స్టేట్‌మెంటులో ఎలా ఉందో అలాగే ఎక్కించాను."

ఆ 'అలాగే' దగ్గరే ఉంది అసలు సంగతంతా.

ఈ సగం సూత్రం మీరూ గుర్తుంచుకోండి. మేస్త్రీ గారు బాకీ ఉన్నది 43,200. అందులో ముప్పై వేలు కట్టారు. సరిగా రాస్తే బాకీ ముప్పై వేలు తగ్గి 13,200 కావాలి. తిరగేసి రాస్తే తగ్గాల్సింది పోయి అంతే పెరుగుతుంది, 73,200 అవుతుంది. అంటే తప్పు ముప్పై వేలది, తేడా అరవై వేలది. డెబిట్‌కి బదులు క్రెడిట్, క్రెడిట్‌కి బదులు డెబిట్ పడితే తేడా ఎప్పుడూ రెట్టింపే. కాబట్టి తేడా వచ్చినప్పుడు ముందు దాన్ని సగం చేసి, ఆ అంకె ఎక్కడైనా ఉందేమో వెతకాలి.

మర్నాడు పొద్దున్నే గుంటూరులో బస్సెక్కి తెనాలి వెళ్లాను.

కొట్లో కూర్చుని టాలీ తెరిచాను. ముందు అంకణా చూశాను. అదేనండీ, ట్రయల్ బ్యాలెన్స్. డెబిట్ల మొత్తం, క్రెడిట్ల మొత్తం పైసాతో సహా సరిపోయాయి. "చూశారా వదినా, టాలీ అయింది కదా. మరి తప్పెక్కడుంది?" అంది మరదలు. ఆ అమ్మాయి నెల రోజులు టాలీ కోర్సు చేసింది. ఆయన మంచాన పడ్డ రోజు నుంచి ఒంటి చేత్తో కొట్టూ, ఇల్లూ, ఆసుపత్రీ చూసుకుంటోంది. తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. అయినా ఆ ప్రశ్న ఆమె ఒక్కదానిదే కాదు, నా దగ్గర చదువుకున్న వందల మంది పిల్లలదీ.

తర్వాత బ్యాంకు ఖాతా తెరిచాను. పాస్‌బుక్‌లో 1,30,000 నిల్వ ఉంది. టాలీలో అదే బ్యాంకు ఖాతా 10,000 క్రెడిట్ చూపిస్తోంది.

"ఇది చూశాక అనుమానం రాలేదా అమ్మాయ్?"

"అంకె తేడాగా ఉందని చూశాను వదినా, తర్వాత సరిచేద్దాం అనుకున్నా. పక్కన క్రెడిట్ అనే ఉంది కదా. పాస్‌బుక్‌లో కూడా మన డబ్బు పక్కన క్రెడిట్ అనే ఉంటుంది. కాబట్టి డబ్బు ఉన్నట్టే అనుకున్నా."

ఎంత న్యాయమైన మాట! అక్షరాలా అందులోనే తప్పు కూడా ఉంది.

బ్యాంకు మనకిచ్చే స్టేట్‌మెంట్ మన లెక్క కాదు. అది బ్యాంకు లెక్క. బ్యాంకు తన పుస్తకంలో మన పేరుతో ఒక పేజీ పెట్టుకుంటుంది. ఆ పేజీకి నకలు మనకిస్తుంది, అంతే. మనం లక్ష రూపాయలు వేస్తే, బ్యాంకు దృష్టిలో ఆ లక్ష ఎవరిది? మనదే. అడిగినప్పుడు తిరిగి ఇచ్చి తీరాలి. అంటే బ్యాంకుకు అది అప్పు. అప్పు పెరిగితే క్రెడిట్. అందుకే 'మీ ఖాతాకు క్రెడిట్ అయింది' అని మెసేజ్ వస్తుంది. మనం డెబిట్ కార్డు గీస్తే, బ్యాంకు మనకివ్వాల్సింది ఆ మేరకు తగ్గుతుంది. అప్పు తగ్గితే డెబిట్. కార్డుకు ఆ పేరు బ్యాంకు వైపు నుంచి వచ్చిందే.

ఇప్పుడు అదే లక్షను మన పుస్తకంలోంచి చూడండి. బ్యాంకు మనకు లక్ష ఇవ్వాలి. అది మన ఆస్తి. ఆస్తి పెరిగితే డెబిట్. అంటే బ్యాంకు స్టేట్‌మెంటులో క్రెడిట్ అని ఉన్న ప్రతిదీ మన పుస్తకంలో బ్యాంకు ఖాతాకు డెబిట్ కావాలి. అక్కడ డెబిట్ అని ఉన్నది ఇక్కడ క్రెడిట్ కావాలి. అద్దంలో చూసుకుంటే కుడిచెయ్యి ఎడమచెయ్యి అయినట్టు.

మరదలు ఆ అద్దంలో కనిపించింది కనిపించినట్టే రాసింది. ఆ నలభై రోజుల్లో బ్యాంకులోకి వచ్చింది 4,30,000, పోయింది 3,60,000. మొదట్లో ఉన్నది 60,000. సరిగా రాస్తే 1,30,000 ఉండాలి. వచ్చినవన్నీ తీసేసి, పోయినవన్నీ కలిపేసరికి పదివేలు మైనస్ అయింది. ఇక్కడా సగం సూత్రం పనిచేస్తుంది. తేడా 1,40,000. సగం 70,000. వచ్చినదానికీ పోయినదానికీ తేడా సరిగ్గా అంతే.

ఇంకో సంగతి చూసి నాకు చెమట పట్టింది. రంగులు పంపే డిస్ట్రిబ్యూటరుకు మనం 85,000 కట్టేశాం. అది కూడా తిరగబడి ఎక్కడంతో, ఇంకా 1,70,000 ఇవ్వాలని టాలీ చూపిస్తోంది. ఆ వారంలో ఎలాగైనా కొంత సర్దాలని ఆ అమ్మాయి మెడలో గొలుసు తాకట్టు పెట్టే ఆలోచనలో ఉంది. లేని అప్పుకి.

మరి టాలీ ఎందుకు ఊరుకుంది అని మీరడగొచ్చు. నిజానికి అది ఊరుకునే రకం కాదు. డబ్బు వస్తే ఎఫ్6 నొక్కి రిసీట్ ఓచర్, పోతే ఎఫ్5 నొక్కి పేమెంట్ ఓచర్. రిసీట్‌లో బ్యాంకు పేరు, ఇచ్చినవారి పేరు, మొత్తం కొడితే చాలు. బ్యాంకును డెబిట్ చేసి, ఇచ్చినవారిని క్రెడిట్ చేయడం అదే చూసుకుంటుంది. బ్యాంకులోంచి నగదు తీసినా, నగదు బ్యాంకులో వేసినా ఎఫ్4, కాంట్రా. ఎఫ్7 జర్నల్‌లో మాత్రం ఏది డెబిట్, ఏది క్రెడిట్ అన్నది మనమే చెప్పాలి. అందుకే జర్నల్‌లో నగదు, బ్యాంకు ఖాతాలు రాకుండా మామూలుగా అది అడ్డం పెడుతుంది. మా కొట్టు కంప్యూటర్‌లో ఎవరో ఎప్పుడో ఆ అడ్డు తీసేశారు. రిసీట్, పేమెంట్ అని వేరువేరుగా తెరవడం ఎందుకు, అన్నీ ఒకేచోట ఎక్కించేద్దామని మరదలు జర్నల్ పట్టుకుంది. స్టేట్‌మెంట్ పక్కన పెట్టుకుని క్రెడిట్‌కి క్రెడిట్, డెబిట్‌కి డెబిట్.

రెండువైపులా మొత్తం సమానంగా ఉందా లేదా అన్నదే సాఫ్ట్‌వేర్ చూసేది. ముప్పై వేలు డెబిట్, ముప్పై వేలు క్రెడిట్, సరిపోయింది. ఏ వైపు ఎవరుండాలో దానికి తెలీదు. మేస్త్రీ గారు డబ్బిచ్చారా, పట్టుకెళ్లారా అన్నది అది చూడలేదు కదా!

ఆ మధ్యాహ్నం భోజనాలయ్యాక మరదలు అడిగింది. "అసలు డెబిట్ అంటే ఏంటి వదినా? తీసేయడమా, కలపడమా? కోర్సులో మూడు సూత్రాలు బట్టీ పట్టించారు గానీ..."

ఆ బట్టీ పట్టించినవాళ్లలో నేనూ ఉన్నాను. వ్యక్తిగత ఖాతా అయితే పుచ్చుకున్నవారికి డెబిట్, ఇచ్చినవారికి క్రెడిట్. వాస్తవిక ఖాతా అయితే వచ్చినదానికి డెబిట్, పోయినదానికి క్రెడిట్. నామమాత్రపు ఖాతా అయితే ఖర్చులు, నష్టాలకు డెబిట్, ఆదాయాలు, లాభాలకు క్రెడిట్. సీఈసీ, ఎంఈసీ చదివినవాళ్లెవరైనా నిద్రలో లేపి అడిగినా చెప్తారు. కానీ నిజమైన స్టేట్‌మెంట్ ఒకటి చేతికిచ్చి 'ఇది ఎవరి పుస్తకం?' అని నేను ఒక్క క్లాసులోనైనా అడిగిన గుర్తు లేదు. అడగాల్సింది.

డెబిట్ అంటే తీసివేత కాదు, క్రెడిట్ అంటే కూడిక కాదు. ఒకటి చెడ్డదీ, ఇంకోటి మంచిదీ అంతకన్నా కాదు. ప్రతి లావాదేవీకి రెండు కొసలుంటాయి. విలువ ఎక్కడికి చేరిందో అది డెబిట్, ఎక్కడి నుంచి వచ్చిందో అది క్రెడిట్. ఆస్తులు, ఖర్చులు డెబిట్‌తో పెరుగుతాయి. అప్పులు, యజమాని పెట్టుబడి, ఆదాయాలు క్రెడిట్‌తో పెరుగుతాయి. తగ్గడం దానికి ఎదురు. ఇంతే.

ఓ అమ్మకం తీసుకుని చెప్పాను. పదివేల రూపాయల రంగు అరువు మీద ఇచ్చాం. 18 శాతం జీఎస్టీ కలిపి బిల్లు 11,800. విలువ ఎక్కడికి చేరింది? కొన్నవారి దగ్గరికి. కాబట్టి వారి ఖాతాకు 11,800 డెబిట్. ఎక్కడి నుంచి వచ్చింది? అమ్మకాల నుంచి 10,000, అది క్రెడిట్. మిగతా 1,800 కేంద్రానికి 900, రాష్ట్రానికి 900 చొప్పున రెండు పన్ను ఖాతాలకు క్రెడిట్. ఆ 1,800 మన ఆదాయం కాదు, ప్రభుత్వానికి మనం పడ్డ అప్పు. ఒకవైపు ఒకటి, ఇంకోవైపు మూడు. మొత్తం మాత్రం సమానం.

ఈ పద్ధతి నిన్న మొన్నటిది కాదు. 1494లో వెనిస్ నగరంలో లూకా పాచోలీ అనే సన్యాసి తన గణిత గ్రంథంలో ఒక భాగంగా దీన్ని అచ్చువేయించాడు. ఆయన కనిపెట్టింది కాదు, అక్కడి వర్తకులు అప్పటికే వాడుతున్నదాన్ని పుస్తకంలోకి ఎక్కించాడు. డెబిట్ అన్న మాటకు లాటిన్‌లో మూలం 'బాకీ ఉండటం'. క్రెడిట్‌కు మూలం 'నమ్మడం'. అంటే మొదట్లో ఇవి అంకెలకు పెట్టిన పేర్లు కావు, మనుషుల మధ్య ఉన్న సంబంధానికి పెట్టిన పేర్లు.

అంత దూరం ఎందుకు? మా నాన్నగారు ఎర్రట్ట పొడుగాటి పుస్తకంలో రాసేవారు. సరుకు పట్టుకెళ్తే 'ఫలానావారి పేర ఖర్చు', డబ్బు తెస్తే 'ఫలానావారి పేర జమ'. ఖర్చు రాయడమంటే డెబిట్, జమకట్టడమంటే క్రెడిట్. అందులో 'పేర' అన్న మాట చూడండి. ఎవరి పేర అని చెప్పకుండా నాన్న ఎప్పుడూ జమ రాయలేదు. కంప్యూటర్ వచ్చాక మనం డెబిట్, క్రెడిట్ పట్టుకున్నాం గానీ ఆ 'ఎవరి' వదిలేశాం.

తప్పుగా ఎక్కిన బ్యాంకు పద్దులన్నీ ఒక్కొక్కటే తెరిచాం. స్టేట్‌మెంటుతో సరిచూసుకుంటూ వచ్చినవాటిని రిసీట్లుగా, పోయినవాటిని పేమెంట్లుగా మార్చాం. జర్నల్‌కి తీసేసిన అడ్డు మళ్లీ పెట్టాం. సాయంత్రానికి బ్యాంకు ఖాతా 1,30,000 డెబిట్ చూపించింది. మరదలు చాలాసేపు ఆ డెబిట్ అన్న మాటనే చూస్తూ కూర్చుంది. తర్వాత చెయ్యి మెడ మీద గొలుసు దగ్గరికి వెళ్లింది. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

వెతుకుతుంటే ఇంకో తప్పు దొరికింది. మా తమ్ముడి ఆసుపత్రి బిల్లు కొట్టు ఖాతాలోంచి కట్టి, కొట్టు ఖర్చుల్లో రాసింది. దాని రెండువైపులా కూడా సమానమే. కానీ కొట్టు వేరు, మావాడు వేరు. ఆ మోకాలు కొట్టుది కాదు, మావాడిది. అది సొంత వాడకం కింద పెట్టుబడిలోంచి తగ్గాలి గానీ, వ్యాపారంలో లాభం తగ్గించకూడదు. తగ్గిస్తే రేపు పన్ను లెక్క తప్పవుతుంది. బ్యాంకులో తెచ్చిన అప్పును అమ్మకాల్లో రాసినా అంతే, లేని ఆదాయానికి పన్ను కట్టాలి. ఇలాంటివేవీ ట్రయల్ బ్యాలెన్స్ పట్టుకోదు. వైపులు తిరగబడినా, వేరే ఖాతాలో పడినా, అసలు పద్దే రాయకపోయినా అది నిక్షేపంగా సరిపోతుంది.

మరి పట్టుకునేదేది? ఆ జవాబు నాకు ఆ సాయంత్రం మేస్త్రీ గారింట్లో దొరికింది.

తమ్ముడు వాకర్ పట్టుకుని వస్తానన్నాడు. వద్దన్నా వినలేదు. ముగ్గురం ఆటోలో వెళ్లాం. ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నారు. తమ్ముణ్ణి ఆ స్థితిలో చూసి గబగబా లేచి కుర్చీ తెచ్చారు. మరదలు చెప్పాల్సింది సూటిగా చెప్పింది. "తప్పు నాదే మేస్త్రీ గారూ. మీరిచ్చిన ముప్పై వేలు మీ పేర జమకట్టకుండా ఖర్చు రాశాను. మీ మాటే నిజం."

ఆయన ఏమీ అనలేదు. లోపలికెళ్లి జేబులో పట్టేంత పుస్తకం తెచ్చారు. వంకర అక్షరాలతో పేజీకి ఒక కొట్టు పేరు. మా పేజీలో మా దగ్గర కొన్న సరుకు, తేదీలు, మాకు ఇచ్చిన డబ్బు. పన్నెండో తారీకు ఎదురుగా 30,000. కింద మిగిలింది 13,200. తమ్ముడు ఫోన్లో మా ఖాతా తీశాడు. ఆయన ఒక్కొక్క వరుస చదువుతుంటే మావాడు ఒక్కొక్కటీ సరిచూశాడు. ఆయన 'తెచ్చాను' అన్నచోట మాది డెబిట్, ఆయన 'ఇచ్చాను' అన్నచోట మాది క్రెడిట్. ఒక్క వరుస తేడా లేదు.

"డబ్బు గురించి కాదమ్మా. నువ్వు నన్నడగకుండా దాన్నడిగావు, అదీ బాధ" అన్నారాయన మరదలితో.

ఆయనకు డెబిట్ అన్న మాట తెలుసో లేదో నాకు తెలీదు. కానీ జంట పద్దు నిజంగా సరిచూసేది ఇలాగే. మన పుస్తకంలో రెండువైపులా సరిపోవడం మొదటి మెట్టు, అది సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. మన డెబిట్‌కి ఎదుటివాళ్ల పుస్తకంలో క్రెడిట్ ఉందా అన్నది రెండో మెట్టు. అది మనమే వెళ్లి చూడాలి.

అందుకే మా మరదలికి రెండు పనులు అప్పజెప్పి వచ్చాను. మీ ఇంట్లో ఎవరైనా కొట్టు లెక్కలు చూస్తుంటే వాళ్లకీ చెప్పండి. నెలాఖరున బ్యాంకు స్టేట్‌మెంట్‌తో మన బ్యాంకు ఖాతాను వరుసగా సరిచూడాలి. అక్కడ క్రెడిట్, ఇక్కడ డెబిట్. చివర్లో తేడా ఉంటే ముందు సగం చేసి చూడాలి. దొరక్కపోతే తొమ్మిదితో భాగించాలి. నిశ్శేషంగా పోతే ఎక్కడో అంకెలు తారుమారైనట్టు అనుమానించాలి, 540కి 450 పడ్డట్టు. ఇక రెండోది, ఖాతాదారులకు 'మీ బాకీ ఇంత' అని ఒక్క అంకె కొట్టి పంపకూడదు. తేదీలతో సహా ఖాతా నకలు పంపి, 'మీ లెక్కతో సరిపోయిందో లేదో చూసి చెప్పండి' అని అడగాలి. మొదటిది వసూలు. రెండోది మర్యాద, పైగా తప్పు పట్టుకునే పద్ధతి కూడా.

మొన్న మరదలు మళ్లీ ఫోన్ చేసింది. ఈసారి పగలే.

"మేస్త్రీ గారు వచ్చి 13,200 ఇచ్చి వెళ్లారు వదినా. నగదుగా. ఎఫ్6 నొక్కాను. నగదు ఖాతాకు డెబిట్, ఆయన పేర జమ. సరేనా?"

"సరే. మరి ఆయన తన పుస్తకంలో రాసుకున్నారా?"

"నా ఎదురుగానే రాసుకున్నారు. నేను చూశాకే పుస్తకం మూశారు" అంది.